ముప్పై ఏడు డిగ్రీల నక్షత్రం

సోమవారం. రేకులు బిగించిన రోజు.

రాస్తున్నది గేదెల పోలయ్య. గొడుగు మీద చలువకాపుని. నా రాతలో తప్పులు పట్టుకోవాలనుకునేవాళ్ళు ముందు ఇక్కడికొచ్చి, మూడు పొరల తొడుగు చేతులతో ఒక్క రేకుకి ఒక్క మర బిగించి చూపించండి. తర్వాత మాట్లాడదాం.

ఇంతకుముందు రోజువారీ సంగతులు నోటితో చెబితే మిషనే రాసుకునేది. ఆ మిషను వేడెక్కుతోందని, ఆ వేడి కంటికి గిట్టడం లేదని పట్టుకుపోయారు. చేతికి పెన్సిలిచ్చారు. పెన్సిలు వేడెక్కదు. నేను వేడెక్కుతాను. దానికి ఆఫీసువాళ్ళు కూడా ఏమీ చేయలేరు.

గొడుగంటే వానకి పట్టే గొడుగు కాదు. ఎండ కంటి మీద పడకుండా ఆకాశంలో పట్టిన రేకుల గొడుగు. ఎండ వైపు మా కాపురాలు. నీడ వైపు కన్ను. కన్నంటే దూరదర్శిని. మన కళ్ళు చూసే వెలుగుని కాదు, వేడిని చూస్తుంది. కంటి వెనక ఒక పెట్టె ఉంది. దాన్ని చూసుకునే ప్రసూన మేడం ఏదో పెద్ద పేరు చెబుతారు, నాకు నోరు తిరగదు. ఎక్కడి చుక్క నుంచో వచ్చిన వేడిని ఆ పెట్టె జుట్టు దువ్వినట్టు దువ్వి పాయలుగా విడదీస్తుంది. ఏ పాయ పలచబడిందో చూసి, అక్కడ నీళ్ళున్నాయా, పొగ ఉందా అని చెప్పేస్తారు. ఇడ్లీ పాత్ర మూత తీయకుండానే ఆవిరిని బట్టి లోపల ఏముందో చెప్పినట్టు. అందుకే మేము దాన్ని వాసనపెట్టె అంటాం.

వాసనపెట్టెకి చలువ కావాలి. గొట్టాల మీద మంచు గీకడం, గులకరాళ్ళు తగిలి పడ్డ చిల్లులకి మాసికలు వేయడం, రేకులు బిగించడం నా పని. నా పెళ్ళాం నూకాలు కూడా చలువకాపే. ఈ ఉద్యోగం జంటగానే ఇస్తారు. ఎందుకంటే మూడు చుట్లు ఉంటాయి.

చలువలోకి, అంటే ఆ నీడ వైపుకి, దిగేవాడి చుట్టూ రెండోవాళ్ళు మూడుసార్లు తిరగాలి. మొదటి చుట్టులో కాళ్ళ కుట్లు చేత్తో తడిమి చూడాలి. రెండో చుట్టులో నడుమూ చేతులూ. మూడో చుట్టులో మెడ. తొడుగుకి ఎక్కడ సందున్నా లోపలి గాలి తెల్లటి దారంలా బయటికొస్తుంది. అది గదిలో కనబడదు, చలువలోనే కనబడుతుంది. అందుకని గుమ్మం దాటాకే తిరగాలి. బంగారయ్య అని ఒకడుండేవాడు. తొందరపడి చుట్లు లేకుండా వెళ్ళాడు. మడమ దగ్గర సందు. లోపలికి తెచ్చేసరికి వడియంలా ఉన్నాడు.

మేము ఎప్పుడూ వాడే వెనక తలుపు బిగుసుకుపోయింది. కొత్తది పంపమన్నాను. పరిశీలనలో ఉందన్నారు. తలుపులో పరిశీలించేదేముంది, తోస్తే రాదు. అందాకా ముందు తలుపులోంచి వెళుతున్నాం. అది కంటికి ఎదురుగా తెరుచుకుంటుంది. కంటికి అడ్డం వెళ్ళకూడదని రూలుంది, నేనూ వెళ్ళను. ఓ వారకి పొడుగాటి దూలం ఉంది. దాని మీద నిలబడి చుట్లు కానిచ్చుకుంటాం. పనయ్యాక అక్కడే కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటాను. పనిచేసేవాడికి ఓ అరుగంటూ ఉండాలి.

బుధవారం. మంచు గీకిన రోజు.

ప్రసూన మేడం లడ్డూలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మా ఇద్దరిదీ ఒకే వైపు కాబట్టి నన్ను తాతా అంటుంది. నేను మేడమనాలి, అమ్మా అంటాను.

"తాతా, కొత్త నక్షత్రం దొరికింది!"

"మంచిదమ్మా. ఎక్కడ పారేసుకున్నారేటి?"

"పారేసుకోలేదు తాతా, ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడలేదు. చాలా చల్లటి నక్షత్రం. ముప్పై ఏడు డిగ్రీలే!"

"ముప్పై ఏడు డిగ్రీల్ది నచ్చత్రమేటమ్మా? నా తానం నీళ్ళు అంతకన్నా ఏడిగుంతాయి."

నూకాలు లడ్డూ సగం విరిచి నాకిచ్చింది. పెద్ద సగం ఆమె ఉంచుకుంది.

రెండొందల కాంతి సంవత్సరాల దూరంలో ఉందట. ఎలా తెలిసిందంటే, నక్షత్రమంటే ఇంత పెద్దది ఉంటుంది కాబట్టి, ఇంత చిన్నగా కనబడిందంటే అంత దూరంలో ఉన్నట్టని ఆఫీసువాళ్ళు లెక్క కట్టారు. నాకూ సబబుగానే తోచింది. రోజూ కాసేపే వెలిగి ఆరిపోతోందట. ఈకాలం వస్తువులన్నీ అంతే.

శనివారం. మాసికలు వేసిన రోజు.

ఇప్పుడు ఆ నక్షత్రానికి గ్రహం కూడా ఉందట. మేడం నిలబడలేకపోతోంది, కూర్చోలేకపోతోంది.

"మూడుసార్లు గబగబా తిరుగుతోంది తాతా. తిరిగి ఆగిపోతోంది. మళ్ళీ మర్నాడు మూడుసార్లు. ఇలాంటి గ్రహాన్ని ఎవరూ చూడలేదు."

"ఆయాసం వొచ్చుంతాది పాపం" అంది నూకాలు.

"నీటి ఆవిరి ఉంది. ఊపిరి వదిలితే వచ్చే గాలి ఉంది. పొగ కూడా ఉంది! పొగ ఉంటే నిప్పు రాజేసేవాళ్ళు ఉన్నట్టే కదా? కానీ నిప్పు పైన ఎక్కడా కనబడటం లేదు. నిప్పు గ్రహం లోపలి వైపు ఉందని పైవాళ్ళు తేల్చారు."

నేను నూకాలు వైపు చూశాను. నూకాలు చుట్ట వెలిగించి, వెలిగిన కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.

దీన్ని అడ్డపొగ అంటారు. మా వైపు ఆడవాళ్ళకి ఇది అలవాటే. గొడుగు మీద నిప్పు నిషేధం. అయితే నూకాలు మొదటి రోజే చెప్పేసింది, నిప్పు నా నోట్లో ఉంతాది, మీ గొడుగు మీద ఉండదు అని. ఆఫీసువాళ్ళు దానికి ఎదురు చెప్పలేకపోయారు. చుట్టతోనే తొడుగు వేసుకుంటుంది, చుట్టతోనే నా చుట్టూ తిరుగుతుంది. ఊపిరి గొట్టంలోంచి సన్నగా పొగ వస్తుంది.

మేడం వెళ్ళిపోయాక చాలాసేపు ఆలోచించాను. ఆ వారకి, ఆ దూలం మీద, ఆ వేళకి వెలిగి ఆరేది ఇంకెవరు? నేను పెద్దగా చదువుకోలేదు. అయినా నేను నక్షత్రాన్నని నాకు ఎప్పుడూ అనుమానంగానే ఉండేది.

ఆదివారం. సెలవు.

సెలవురోజు మనుషులు మాట్లాడుకోకూడదు. పని ఉంటేనే మంచిది.

"ఒసే నూకాలూ, ఆ నచ్చత్రం ఎవుడనుకున్నావు? నానే."

నూకాలు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జొరం లేదు."

"లేదు కాబట్టే ముప్పై ఏడు. ఆ మూల దూలం మీద కూకునేది నాను కాదేటి?"

నిజమేనని ఆమెకీ తెలిసిపోయింది. నవ్వు వచ్చింది, పొగ బయటికి పోకుండా నవ్వింది. "మరైతే నానేటి మావా?"

"నువ్వు గ్రహానివి."

అక్కడితో ఆగాను అని రాద్దామనుకున్నాను. కానీ అబద్ధం రాయకూడదని రూలు. ఆగలేదు.

"నువ్వు నా సుట్టూ తిరుగుతావు. నా ఎలుగే నీ మీద పడతాది. నాను నేకపోతే నువ్వు సీకటే."

నూకాలు చుట్టని నోట్లోంచి తీసింది. పెళ్ళినాడు పురోహితుడు మాట్లాడమన్నప్పుడు కూడా తీయని మనిషి.

"నీ సుట్టూ తిరుగుతున్నానా? నీ కుట్లు సూస్తన్నాను ముసిలోడా! నువ్వు సావకుండా సూస్తన్నాను. దాన్ని తిరగడం అంతావా?"

"నాననలేదు. శాస్త్రం సెప్పినాది."

"అయితే ఆ శాస్త్రాన్నే తిరగమను."

చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత మాట లేదు.

సోమవారం. రేకులు బిగించిన రోజు.

నూకాలు గుమ్మం దగ్గరికి రాలేదు. తొడుగు మేకుకి వేలాడుతోంది. నేనూ పిలవలేదు.

నా కుట్లు నేను చూసుకోగలను, వీపూ మోచేతుల వెనకా తప్ప. మేడం తాను తిరిగి చూస్తానంది. పరాయి ఆడపిల్ల చేత నడుము తడిమించుకునే రోజు ఇంకా రాలేదని చెప్పాను. చుట్లు లేకుండానే దిగాను. దిగేటప్పుడు బంగారయ్య గుర్తొచ్చాడు. వాడు తొందరపడ్డాడు, నేను తొందరపడలేదు, అది వేరు ఇది వేరు అనుకున్నాను.

రేకులు బిగించాను. దూలం మీద కూర్చున్నాను. వెలిగాను.

బుధవారం. మంచు గీకిన రోజు.

గ్రహం పోయింది. భూమి మీద సంతాపం.

బడులకి సెలవిచ్చారు. రెండు నిమిషాలు బస్సులు ఆపేశారట. ఆఫీసు పెద్దాయన ప్రసంగాన్ని మా స్పీకరులో కూడా వేశారు. కోటానుకోట్ల ప్రాణులున్న చల్లని తల్లి అని, మనం పలకరించేలోపే వెళ్ళిపోయిందని, చెప్పి ముక్కు చీదాడు. నూకాలు ఉల్లిపాయలు తరుగుతోంది.

మూడు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది. అదీ నాతో కాదు, స్పీకరు వైపు తిరిగి.

"నాను సచ్చిపోయినానేటి?"

"అలగే అంతన్నారు" అన్నాను.

"ఎలగ సచ్చినానంట?"

"నీ లోపల నిప్పు ఎక్కువైపోయి పేలిపోయావంట."

"పేలతాను" అంది కత్తి ఆపకుండా. "ఇంకా పేల్లేదు."

గురువారం. గొట్టాలు తుడిచిన రోజు.

ప్రసూన మేడం తలుపు వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"తాతా, నిజం చెప్పండి. నూకాలమ్మగారు చుట్ట ఎటు వైపు పెట్టుకుంటారు?"

"నిప్పు లోపలికమ్మా. అటే కదా పెట్టుకోవాలి."

మేడం రెండు చేతులతో తల పట్టుకుంది. "మా నాయనమ్మ కూడా అంతే తాగేది. వాసనపెట్టె గీసిన ఆ గీతలు చూస్తున్నప్పుడల్లా ఎందుకో మా పెరడు గుర్తొచ్చేది. రాత్రి పొగాకు కాల్చి చూశాను. గీతకి గీత సరిపోయింది. ఆ నక్షత్రం మీరు తాతా."

"నాకు శనివారమే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నన్నెవుడు అడిగాడమ్మా?"

మేడం మంచి పిల్ల. అన్నీ వివరంగా రాసి ఆఫీసుకి పంపించింది. జవాబు వెంటనే వచ్చింది. ఒకటి, రెండొందల కాంతి సంవత్సరాల దూరంలో ముసలివాళ్ళు ఉండరు. రెండు, కొత్త పాఠ్యపుస్తకం అచ్చయిపోయింది. మూడు, మేడం పని ఒత్తిడిలో ఉంది కాబట్టి వారం విశ్రాంతి తీసుకోవాలి. నాలుగోది నాకు. నక్షత్రం కనబడే వారకి పోలయ్య అనే కాపలాదారు రోజూ అడ్డం కూర్చుంటున్నట్టు మేడం రాతలో ఉంది కాబట్టి, ఇక మీదట అతను అక్కడ కూర్చోరాదు.

నాకు నేను అడ్డం వస్తున్నానట. సరే, కూర్చోను.

శనివారం. మాసికలు వేసిన రోజు.

నేను కూర్చోలేదు. నక్షత్రం కనబడలేదు. ఆఫీసులో గోల. విచారణ సంఘం వేశారు. స్పీకరులోంచి ఐదారు గొంతులు ఒకేసారి మాట్లాడాయి.

"పోలయ్యగారూ, నక్షత్రాన్ని ఏం చేశారు?"

"దూలం దిగింది. అన్నం తింతంది."

"సరిగ్గా చెప్పండి. మళ్ళీ కనిపించాలంటే ఏం చేయాలి?"

"నాను కూకోవాలి."

"అయితే వెళ్ళి కూర్చోండి!"

వెళ్ళి కూర్చున్నాను. నక్షత్రం వచ్చిందన్నారు. లేవమన్నారు. లేచి లోపలికొచ్చాను. పోయిందన్నారు. మళ్ళీ కూర్చోమన్నారు. ఇలా నా మోకాళ్ళు అరిగేదాకా ఆడించారు. ఇప్పుడైనా అర్థమవుతుందని మేడం నా చెయ్యి పట్టుకుని నిలబడింది. సంఘం లోపల లోపల మాట్లాడుకుని తీర్పు చెప్పింది. ఆ నక్షత్రం పోలయ్య మాట వింటుందట.

మేడం అలా గోడకి జారి కూర్చుండిపోయింది.

నాకు నక్షత్ర పాలకుడని బిరుదిచ్చారు. సరుకుల బండిలో శాలువా పంపుతున్నారు. జరీ అంచుదట. తలుపు సంగతి అడిగాను. పరిశీలనలో ఉందట.

చివర్లో పెద్దాయన ఒక మాట అన్నాడు. "నక్షత్రాన్ని రప్పించినవారు, ఆ చల్లని తల్లి గ్రహాన్ని కూడా రప్పించలేరా? వచ్చే శుక్రవారం పెద్దపెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారు."

గది అవతలి మూల నూకాలు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"నచ్చత్రం వరకే నా సేతిలో ఉంది బావూ" అన్నాను. "గ్రహం అవుతలి పార్టీ."

మంగళవారం. గొట్టాలు తుడిచిన రోజు.

శాలువా వచ్చింది. బాగుంది.

నూకాలుని ఎలా అడగాలో మేడం నాకు నేర్పింది. తప్పయిపోయింది అనాలట. ఒక్క మాటేనట. ఆ మాట నోట్లో పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను.

"నూకాలూ."

"ఏటి."

"శుక్రవారం పెద్దోళ్ళు వొస్తన్నారు. నువ్వు వొచ్చి మూడు సార్లు తిరిగితే నీకూ శాలువా ఇస్తారంట."

వేరే మాట వచ్చేసింది. చేతిలో గరిటె ఉంది కాబట్టి నేను ఎక్కువసేపు ఉండలేదు.

వెళుతుంటే వెనక నుంచి అంది, "కుట్లు ఎవులు సూస్తన్నారు?"

"నానే సూసుకుంతన్నాను."

"ఈపు?"

"ఈపుకేటీ? బానే ఉంది."

"బంగారయ్య కూడా బానే ఉన్నాడు" అంది.

ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. అప్పుడు అడిగితే వచ్చేది. పాలకుడికి బతిమాలడం ఏమిటనుకుని ముందుకి నడిచాను.

శుక్రవారం. పెద్దవాళ్ళు చూసిన రోజు. ఇది మర్నాడు రాస్తున్నాను, చెయ్యి ఇంకా లొంగడం లేదు.

నిన్న తొడుగు మీద శాలువా కప్పుకుని దిగాను. మామూలుగా గుమ్మం పక్కనే కూర్చునేవాణ్ణి. పెద్దవాళ్ళకి స్పష్టంగా కనబడాలని దూలం చివరి దాకా వెళ్ళి కూర్చున్నాను. ఆఫీసు పెద్దాయన గొంతు చెవిలో వినబడుతోంది. "అద్భుతం! ఎంత నిలకడ! ఎంత హుందాతనం!" నడుము నిటారుగా పెట్టాను.

చాలాసేపు కూర్చున్నాను. గ్రహం ఇంకా రాలేదేమని వాళ్ళు అడుగుతున్నారు. వస్తుందని నేను చెబుతున్నాను. ఎడమ చేతి వెనక వైపు చల్లగా తగిలింది. జరీ గుచ్చుకుంటోందనుకున్నాను. కాసేపటికి చూస్తే శాలువా అంచు కింద నుంచి తెల్లటి దారం ఒకటి సాగి, సాగి, చుక్కల వైపు పోతోంది. శాలువా కప్పుకోకపోతే ముందే కనబడి ఉండేది.

"తాతా!" ప్రసూన మేడం కేక. "గాలి కారుతోంది తాతా! వాసనపెట్టెలో కనబడుతోంది! లోపలికి రండి!"

"కదలొద్దు!" పెద్దాయన గొంతు. "నక్షత్రం తోక విడుస్తోంది! ఇంతవరకు చరిత్రలో లేదు! పోలయ్యగారూ, అలాగే ఉంచండి!"

లేవబోయాను. కాళ్ళు రాలేదు. చెవుల్లో హోరు. నూకాలూ అని పిలుద్దామని నోరు తెరిచాను. గాలి లేక మాట రాలేదో, నా పొగరే రానివ్వలేదో ఇప్పటికీ చెప్పలేను.

ముందు తలుపు తెరుచుకుంది. ఊపిరి గొట్టంలోంచి పొగ వదులుతూ నూకాలు దూలం మీద నడిచి వస్తోంది.

"గ్రహం! గ్రహం బతికే ఉంది!" ఆఫీసులో ఎవరో ఏడుస్తున్నారు.

నూకాలు నా తొడుగు తలకాయ చిప్పకి తన చిప్ప ఆనించింది. అలా ఆనిస్తే రేడియో లేకుండా మాట వినబడుతుంది. ఆఫీసువాళ్ళకి వినబడదు.

"కదిలితే సంపేస్తాను" అంది.

చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మొదటి చుట్టులో కాళ్ళు తడిమింది. "సందు సేతి కాడ ఉందే" అందామనుకున్నాను, గొంతు లేదు. రెండో చుట్టులో మోచేతి వెనక దొరికింది. శాలువాని నా మీద నుంచి లాగి, ఆ చేతికి బిర్రుగా చుట్టి, జరీ అంచుతోనే ముడేసి, పైన తన చెయ్యి బిగించి పట్టుకుంది. దారం ఆగింది. ఊపిరి అందింది. హమ్మయ్య, లోపలికి పోదామనుకున్నాను.

ఆమె ఆ చెయ్యి వదలకుండానే మూడో చుట్టు తిరిగింది. నా మెడ కుట్టు ఒక్కో వేలెడు తడిమి చూసింది.

"సాలేవే" అన్నాను.

"ఒక సందు దొరికినాదని రెండోది లేదనేటి?"

అప్పుడు లేపింది. చెయ్యి వదిలితే మళ్ళీ కారుతుంది కాబట్టి పట్టుకునే నడిపించింది. పెళ్ళిలో తప్ప మేమెప్పుడూ అలా నడవలేదు. ఆఫీసులో పెద్దాయన ప్రకటిస్తున్నాడు. "గ్రహం నక్షత్రంలో కలిసిపోయింది. రెండూ కలిసి అస్తమించాయి. అందరూ లేచి నిలబడండి."

గదిలో నన్ను పడుకోబెట్టి, చేతికి ఆముదం రాస్తూ నూకాలు తిట్టిన తిట్లన్నీ రాయాలంటే పెన్సిలు చాలదు. అవన్నీ అయ్యాక నేను ఒకటి అడిగాను.

"ఇందాకా నువ్వు దూలం సివరికంతా వొచ్చినావు కదా. నీ కుట్లు ఎవులు సూసినారు?"

"ఎవులూ సూళ్ళేదు."

"ఎప్పుడూనా?"

"తిరిగేవోళ్ళు గుమ్మం కాడే ఉంతారు కదా, ఆళ్ళకెందుకని రూల్లో రాయలేదు."

నేను ఆ తొడుగు వైపు చూశాను. మేకుకి వేలాడుతోంది. ఇన్నేళ్ళూ రోజూ నా చుట్టూ తిరిగింది ఆ తొడుగులోనే. దాని కుట్లు ఎలా ఉంటాయో నాకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు.

సోమవారం. రేకులు బిగించిన రోజు.

చెయ్యి వాచింది కానీ పనికి పనికొస్తుంది. ఇద్దరం గుమ్మం దాటాం. నూకాలు చుట్లకి సిద్ధమవుతూ చేతులు చాపింది.

"ఆగు" అన్నాను. "ముందు నువ్వు నిలబడు."

"ఏటి మావా, ఏటయినాది నీకు?"

"నోరు మూసుకుని నిలబడెహె."

మొదటి చుట్టు తిరిగాను. మోకాలి కుట్లు బాగున్నాయి. రెండో చుట్టు తిరిగాను. నడుము దగ్గర కితకితలని కదిలింది, గదమాయించాను. మూడో చుట్టుకి నాకు ఆయాసం వచ్చింది. ఇది తేలిక పని కాదు. ఆ తర్వాత ఆమె నా చుట్టూ తిరిగింది.

మధ్యాహ్నానికల్లా ఆఫీసు నుంచి కబురు. విచారణ సంఘం మళ్ళీ కూర్చుందట. ఈ రోజు నక్షత్రమే గ్రహం చుట్టూ మూడుసార్లు తిరిగిందట. ఇది శాస్త్రానికి విరుద్ధమట. అచ్చయిన పాఠ్యపుస్తకాలు వెనక్కి తెప్పిస్తున్నారట. ఏ శక్తి వల్ల ఇలా జరిగిందో నక్షత్ర పాలకుడు వెంటనే లిఖితపూర్వకంగా తెలియజేయాలట. ప్రసూన మేడం ఆ కాగితం నాకిచ్చి, నవ్వాపుకోలేక బయటికి పోయింది.

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. గ్రహానికి మెడ దగ్గర ఒక కుట్టు వదులైంది. చాలాకాలంగా అలాగే ఉన్నట్టుంది. నక్షత్రం అది బిగించింది.